మా అక్క పది నిమిషాలు

మా అక్క అబద్ధం ఆడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మధ్యలో కొన్నాళ్ళు ఆమె చేతి లెక్కల మీద పెద్ద పెద్దవాళ్ళకే అనుమానం వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నదాన్ని, నేను హామీ. అబద్ధమంటూ ఆడితే ఒక్కటే ఆడుతుంది. దాన్ని రోజూ ఆడుతుంది, నిజమని నమ్మి మరీ ఆడుతుంది. "రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తానే" అనడమే ఆ అబద్ధం.

ఆమె పని రక్తంలోంచి కణాలను వేరుచేసే చిప్పులు తయారుచేయడం. ఇరవై రెండేళ్ళ క్రితం ఆ ప్రయోగశాలలో గాజు సామాను కడగడానికి చేరింది. కడిగిన గొట్టాలన్నీ పొడవును బట్టి పేర్చి, ఒకే పొడవున్నవాటిని మళ్ళీ లావును బట్టి పేర్చిందట. అప్పుడే ఆ ప్రయోగశాలకు అధికారిగా వచ్చిన మేడమ్ అది చూసి, "ఈవిడ నాకు కావాలి" అందట. మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. చిన్నప్పుడు అమ్మ పప్పులో రాళ్ళు ఏరమంటే అక్క రాళ్ళు ఏరేది, ఆపైన పప్పును కూడా పెద్దవీ చిన్నవీ అని రెండు గిన్నెల్లోకి ఏరేది. ఆ రోజు అందరం ఆకలితో కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ప్రయోగశాలలో ఆమెను అందరూ జల్లెడక్క అంటారు. తలుపు మీద ఏదో పొడుగాటి హోదా రాసి ఉంటుంది గానీ అది ఆమెకే గుర్తుండదు.

"జల్లెడంటే చిల్లులుండాలి కదక్కా?" అని నేనొకసారి అడిగాను. అడగడం నాదే పొరపాటు. బల్ల మీద నా గుండుసూదుల డబ్బా బోర్లించి, సూదులన్నీ ఒక గుడ్డలో వరసలుగా గుచ్చి, గంటసేపు పాఠం చెప్పింది.

ఆ చిప్పు అగ్గిపెట్టె కంటే చిన్నది. లోపల వెంట్రుక కంటే సన్నటి స్తంభాలు వేలకు వేలు నిలబడి ఉంటాయి. వాటి వరస తిన్నగా ఉండదు, కొంచెం ఏటవాలుగా ఉంటుంది. ఒక చివర పంపుతో రక్తం పంపిస్తే, చిన్న కణాలు సందుల్లోంచి మెలికలు తిరుగుతూ నేరుగా పోతాయి. పెద్ద కణం అలా మెలిక తిరగలేదు. ప్రతి స్తంభమూ దాన్ని కొద్దిగా పక్కకు నెడుతుంది. వరస వరసకూ అలా జరిగి జరిగి చివరికి అవతలి గోడ దగ్గరికి చేరుతుంది, అక్కడ దానికి వేరే ద్వారం ఉంటుంది. క్యాన్సరు గడ్డ నుంచి ఊడిపోయి రక్తంలో తిరిగే కణాలు చాలావరకు అలాంటి పెద్దవేనట. కోట్ల మందిలో నలుగురైదుగురు దొంగల్లాగా ఉంటాయట. వాటిని పట్టుకుంటే రోగి ఒంటికి కత్తి పెట్టకుండానే జబ్బు ఎటు పోతోందో తెలుస్తుందట.

"అంటే పెద్దవాళ్ళని పక్కకి నెట్టేసే యంత్రమన్నమాట" అన్నాను.

"నిన్ను దీంట్లో వేస్తే గోడవతలికి పోతావు" అంది అక్క.

అప్పటికి నేను కాస్త లావెక్కి ఉన్నాను. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఈ ఉద్యోగం వల్ల మా అక్కకు ఇద్దరు శత్రువులు ఏర్పడ్డారు. ఒకటి నలుసు. చిప్పులో ఒక్క నలుసు పడితే స్తంభాల మధ్య ఇరుక్కుని దారి మూసేస్తుంది. అందుకని ఆమె జేబులో ఎప్పుడూ అతికించే టేపు చుట్ట ఉంటుంది. మా ఇంటికి వస్తే ముందు కుర్చీకి టేపు అంటించి, పీకి, వెలుతురుకి ఎత్తి చూసి, తల ఆడించి, అప్పుడు కూర్చుంటుంది. నేను బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. ముందుగదిలో రెండు మిషన్లు, ఒక పెద్ద బల్ల, నిలువుటద్దం, నేల నిండా దారప్పోగులు. నా గది ఆమెకు ఎలా కనిపిస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

రెండో శత్రువు బుడగ. గ్లాసుతో నీళ్ళిస్తే గోటితో టకటకా కొట్టి, బుడగలన్నీ పోయాక తాగుతుంది. హోటల్లో కూడా అంతే. పక్కబల్ల వాళ్ళు చూస్తుంటే నేను తల దించుకుంటాను, మా బావగారు కిటికీలోంచి బయటికి చూస్తారు. ఆయన బస్సు నడుపుతారు. వెనక అరవై మంది మాట్లాడుతుంటే నోరు మెదపకుండా దారి చూసుకోవడం ఆయనకు అలవాటు. ఇంటికి వచ్చాక అరవై మంది బదులు ఒక్కతే ఉంటుంది, ఆయనకు పెద్ద తేడా తెలియదు.

ఇక ఫోను సంగతి.

ఏడేళ్ళ క్రితం మా ఆయన పోయారు. పొద్దున టిఫిను తిని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. ఆ తర్వాత పొద్దుటి పనుల్లో నాకు ఎలాగోలా గడిచిపోయేది, సాయంత్రం బట్టలిచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళు. పదకొండు గంటలకు మాత్రం ఇల్లు నన్ను మింగేస్తుందా అన్నట్టు ఉండేది. ఆ వేళకు ఆయన కొట్టు నుంచి టీ కోసం వచ్చేవారు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అక్కకు ఎలా తెలిసిందో గానీ, సరిగ్గా పదకొండయ్యేసరికి ఫోను మోగేది.

"ఏం చేస్తున్నావే? ఏం లేదులే, చిప్పులు నింపి వచ్చాను. రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తా."

ఇక మొదలు. పంపు ఎలా మూలిగింది, మేడమ్ ఎవరి మీద విసుక్కుంది, బావగారు రాత్రి మాట్లాడిన రెండు ముక్కలు ఏమిటి, ఆ రెంటిలో రెండోది ఎందుకు తప్పు, ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేది. మొదట్లో నేను ఊకొట్టడానికి కూడా ఓపిక లేక ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఏడ్చేదాన్ని. ఆమె వినిపించనట్టే మాట్లాడుతూ పోయేది. అలా మాట్లాడి మాట్లాడి నన్ను మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది. ఆ రుణం నేను ఏమిచ్చినా తీరదు. కాకపోతే ఏడేళ్ళలో నేను కోలుకున్నాను, ఆ ఫోను మాత్రం కోలుకోలేదు. పదకొండు కొట్టగానే భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని కుట్టడం అలవాటై, నా మెడ కాస్త ఎడమకు ఒరిగిపోయింది.

ఇలా ఉండగా, ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు అక్క చిప్పుల మీద మనసు పడ్డారు. మంచి రక్తంలో లెక్కపెట్టి వంద క్యాన్సరు కణాలు కలిపి పంపిస్తే, అక్క చిప్పు తొంభై ఐదో తొంభై ఆరో ఏరి ఇచ్చేది. ఆ లెక్క మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ అక్కే పెట్టేది. ఆసుపత్రి వాళ్ళు ఒక్కటే అడిగారు: పద్ధతంతా రాసి ఇవ్వండి, మా వాళ్ళు మా దగ్గరే తయారుచేసుకుంటారు, అది పనిచేస్తే రోగుల కోసం తీసుకుంటాం. మేడమ్ అక్కను కూర్చోబెట్టి రాయించింది. ముప్ఫై రెండు మెట్లు వచ్చాయి. మెత్తటి రబ్బరు ముద్ద కలపడం, అచ్చులో పోయడం, ఓవెన్లో గట్టిపరచడం, ఒలవడం, రంధ్రాలు పొడవడం, గాజు పలక మీద అతికించడం. ఇరవై మూడో మెట్టు పూతనీళ్ళది. కొత్త పెనానికి నూనె పట్టించినట్టు, చిప్పు లోపలి గోడలకు ఒక ప్రోటీను నీళ్ళు పట్టిస్తారు. అలా చేస్తే కణాలు గోడలకు అంటుకోవు.

"ఇక్కడ 'కాసేపు ఉంచి కడగాలి' అని ఉంది. కాసేపంటే ఎంతసేపు జల్లెడక్కా?" అని మేడమ్ అడిగిందట.

"పది నిమిషాలండీ. నింపి, మా చెల్లితో రెండు ముక్కలు మాట్లాడి వచ్చి కడిగేస్తాను" అందట అక్క.

మేడమ్‌కు పదకొండు నుంచి పన్నెండు దాకా పక్క భవనంలో క్లాసు. ఆవిడ తిరిగి వచ్చేసరికి చిప్పులు కడిగి తయారుగా ఉండేవి. పది నిమిషాలు అని రాసుకుంది.

ఆసుపత్రిలో ఆ పద్ధతి ప్రకారం పది చిప్పులు చేశారు. పదీ మూసుకుపోయాయి. మళ్ళీ పది చేశారు, అవీ అంతే. అక్కడి డాక్టరు ఉత్తరం రాశాడు. నెలాఖరున తానే స్వయంగా వస్తానని, జల్లెడక్క తన ఎదురుగా అయిదు చిప్పులు చేసి చూపాలని, అవి పనిచేయకపోతే ఈ విషయం ఇంతటితో వదిలేద్దామని రాశాడు. చివర్లో మర్యాదగా ఇంకో వాక్యం పెట్టాడు. పాత లెక్కలను కూడా ఒకసారి వేరేవాళ్ళ చేత సరిచూపిస్తే మంచిదట.

ఆ ఉత్తరం సంగతి నాకు తెలియలేదు. తెలియకపోవడానికి కారణం ఒక కోటు.

ఆ ఉత్తరం రావడానికి కొన్నాళ్ళ ముందు, మా వీధి చివర సంగీతం మాస్టారు శనివారం కచేరీ కోసం నా దగ్గర కోటు కుట్టించుకున్నారు. శుక్రవారం పదకొండింటికి నేను ఆ కోటుకు చేతులు కలుపుతున్నాను. చెవిలో అక్క. మైక్రోస్కోపు దీపం గురించి చెబుతోంది. శనివారం మాస్టారు కోటు తొడుక్కుని వాయిద్యం ఎత్తబోతే కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. నేను ఎడమచెయ్యి తీసుకెళ్ళి కుడివైపు, కుడిది ఎడమవైపు కలిపేశాను. పాపం ఆయన కోటు విప్పేసి, మాసిన చొక్కాతో కచేరీ చేశారట. సోమవారం కోటు తెచ్చి, ఒక్క మాట కూడా అనకుండా నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

ఆయన అటు వెళ్ళారో లేదో ఇటు ఫోను మోగింది.

"ఏం చేస్తున్నావే? ఏం లేదులే, రెండు నిమిషాలు..."

"అక్కా, నీకు పని లేకపోతే లేకపోయింది, నాకుంది! నీ రక్తం, నీ పంపు, నీ బుడగలు, ఎవరికి కావాలివన్నీ? నీకు తోచక నా ప్రాణం తీస్తున్నావు!"

అక్క నిజంగానే రెండు నిమిషాల్లోపు ముగించింది. ఏడేళ్ళలో మొదటిసారి.

"సరేలేమ్మా" అంది అక్క. పెట్టేసింది.

నాకు ముక్కు మీద కోపం. అది పోవడానికి నాకు అరపూట చాలు. పోయాక నాలుక కరుచుకున్నాను. కానీ ఫోను చేయాలంటే అభిమానం అడ్డొచ్చింది. రేపు ఎలాగూ తనే చేస్తుంది కదా అనుకున్నాను. రేపు చేయలేదు. ఎల్లుండీ చేయలేదు. పదకొండయ్యేసరికి ఫోను బల్ల మీద పెట్టుకుని, అటు చూడనట్టు నటిస్తూ కుట్టేదాన్ని. నా ఎదురుగా అద్దం తప్ప ఎవరూ లేరు, మరి ఎవరి కోసం నటించానో తెలియదు. ఇలా పంతొమ్మిది రోజులు గడిచాయి. నా మెడ తిన్నగా అయింది, మిగతాదేదీ బాగులేదు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం బావగారు వచ్చారు. బస్సు డిపోలో పెట్టి, ఆ బట్టలతోనే వచ్చి, గుమ్మంలో నిలబడ్డారు. ఆయన పనిగట్టుకుని మాట్లాడటానికి వచ్చారంటేనే ఏదో జరిగిందని మిషను ఆపి లేచాను.

"మీ అక్క రాజీనామా రాసిపెట్టిందమ్మా" అన్నారు.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. డాక్టరు ఉత్తరం సంగతి, ఆయన ఎల్లుండి వస్తున్న సంగతి అప్పుడు తెలిసింది. "చేతకాకపోతే చేతకాలేదంటారు, ఫరవాలేదు. అంకెలు కల్పించిందేమో అంటున్నారు. అది దానికి తగిలింది" అన్నారు. "దానికి తోడు ఇప్పుడు ఇది చేసిన చిప్పులు కూడా మూసుకుపోతున్నాయి. ఇరవై రోజుల్నించీ ఒక్కటీ సరిగ్గా రావడం లేదు. టైమరు పెట్టుకుని, రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పకుండా చేస్తోంది, అయినా సరే. ఇంటికొచ్చి దీపం కింద తన చేతులు చూసుకుంటూ కూర్చుంటోంది. 'నా చేతులకేదో అయిందండీ' అంటోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పని ఉంటుందని."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా అక్క నా కళ్ళనీళ్ళు ఏడాది పాటు ఫోనులో విన్న మనిషి. తన కళ్ళనీళ్ళకు నన్ను పిలవడానికి మొహమాటపడింది.

వట్టి చేతులతో వెళ్ళడానికి నాకు ధైర్యం చాలక, ఆ సాయంత్రం కూర్చుని అక్కకు ఒక తెల్లకోటు కుట్టాను. ఎడమచెయ్యి ఎడమవైపే ఉందని మూడుసార్లు చూసుకున్నాను. మర్నాడు పదిన్నరకు ప్రయోగశాలకు వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో నేను అక్కడికి వెళ్ళడం అదే మొదలు.

నేను ఊహించినంత గొప్పగా ఏమీ లేదు. పొడుగు గది, రెండు వైపులా బల్లలు, ఒక మూల ఓవెను, ఇంకో మూల మైక్రోస్కోపు, దాని పక్కన తెర. మధ్యలో అక్క, తలకు టోపీ, చేతులకు తొడుగులు. బాగా చిక్కిపోయింది. ఆమెను చూడగానే చెప్పాలనుకున్న మాటలన్నీ మర్చిపోయి కోటు చేతికిచ్చాను. అక్క కోటు విప్పి చూసింది. జేబులోంచి టేపు తీసి, భుజం మీద అంటించి పీకి, వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఎన్ని పోగులే తల్లీ" అంది.

క్షమించిందో లేదో తెలియలేదు గానీ, టేపు చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఆ కుర్చీలో కూర్చో. ఏదీ ముట్టుకోకు, గట్టిగా ఊపిరి వదలకు" అని పనిలో పడింది. రెండు చిప్పులు గాజు మీద అతికించి సిద్ధంగా ఉన్నాయి. సిరంజిని గోటితో కొట్టి బుడగ తీసి, ఒక్కో చిప్పులోకి పూతనీళ్ళు నింపింది. ఆ వేళ్ళకు ఏమీ కాలేదని నాకు అప్పుడే తెలిసిపోయింది. నేను ముప్ఫై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించినా నా చెయ్యి అంత నిలకడగా ఉండదు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. అక్క టైమరు తిప్పి బల్ల మీద పెట్టి, నాకు ఎదురుగా కూర్చుంది.

ఇద్దరం గడియారం వైపే చూస్తూ కూర్చున్నాం. నేను గొంతు సర్దుకున్నాను. ఆమె తొడుగులు సర్దుకుంది. "బావగారు వచ్చారు" అన్నాను. "తెలుసు" అంది. "మాస్టారి కోటు సరిచేసి ఇచ్చాను. ఆ రోజు కోపంలో..." అని నేను మొదలుపెట్టేసరికి టైమరు గణగణా మోగింది. అక్క టక్కున లేచింది.

"అప్పుడే ఎక్కడికక్కా? నేనింకా మొదలే పెట్టలేదు!"

"పది నిమిషాలైంది. కడగాలి."

"పది నిమిషాలేంటి?"

"ఎప్పుడూ అంతేగా. ఇది నింపి నీతో మాట్లాడి వచ్చి కడిగేదాన్ని. పది నిమిషాలు."

నేను ఆమె వైపు చూశాను. మా అక్క ముఖంలో ఎక్కడా వేళాకోళం లేదు. ఇరవై రోజులుగా ఈ పది నిమిషాలను గుండెల మీద పెట్టుకుని లెక్కిస్తున్న మనిషి ముఖం అది.

"అక్కా, నువ్వు నాతో పది నిమిషాలు మాట్లాడేదానివా?"

"మహా అయితే పన్నెండు."

సంచీలోంచి ఫోను తీశాను. ఎవరెవరు ఎంతసేపు మాట్లాడారో అందులో అంతా ఉంటుంది. ఆమె ముక్కు కింద పెట్టి చదివాను. నలభై నాలుగు నిమిషాలు. ముప్ఫై తొమ్మిది. నలభై ఎనిమిది. యాభై రెండు, ఆ రోజు బావగారు పెళ్ళిరోజు మర్చిపోయారు. నలభై ఒకటి.

అక్క చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. "నీ ఫోను పాడైంది" అని, వెళ్ళి ఒక చిప్పు కడిగింది.

అదే సమయంలో మేడమ్ లోపలికి వచ్చింది. మర్నాటి కంగారులో ఆవిడ ఆ రోజు క్లాసు మానేసింది. ఎవరీ కొత్త మనిషి అన్నట్టు చూసి, "చెల్లెలా?" అంది. నేను ఫోను ఆవిడకిచ్చాను. ఆవిడ చదువుతూ చదువుతూ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"ఇదేంటి, ఈ ఒక్క రోజు తొమ్మిది నిమిషాలే ఉంది?"

"ఆ రోజు మీటరు చూసే అతను వచ్చాడండీ. పెట్టేయమన్నాను."

మేడమ్ అక్క రాసుకునే పుస్తకం తెరిచి ఆ తేదీ వెతికింది. అక్క చేతిరాతలో ఉంది: 'చిప్పులు అలిగాయి. రెండూ మూసుకుపోయాయి. కారణం తెలియదు.'

మేడమ్ లేచి బీరువాలోంచి పాత పుస్తకాలు లాగింది. ఒకప్పుడు పదింటికి మూడు చిప్పులు కూడా సరిగ్గా పనిచేసేవి కావు. ఒక ఏడాది నడుమ నుంచి హఠాత్తుగా పదింటికి తొమ్మిది పనిచేయడం మొదలైంది. "కొత్త పంపు కొన్నది అప్పుడే. ఇన్నాళ్ళూ ఆ పంపు చలవే అనుకున్నాం" అంటూ మేడమ్ ఆ నెల పేరు పైకి చదివింది.

అది మా ఆయన పోయిన నెల.

నాకూ అక్కకూ ఆ సంగతి తెలుసు, మేడమ్‌కు తెలియదు. అక్క నా వైపు చూడకుండా బల్ల అంచును టేపుతో తుడవడం మొదలుపెట్టింది. నేను కిటికీ వైపు తిరిగాను. నన్ను బతికించడానికి ఆమె చేసిన ఫోను, ఆమెకు తెలియకుండానే ఆమె పనిని నిలబెట్టింది. దాన్ని నేను ఒక కోటు చేతుల కోసం తెంపేశాను.

"పది నిమిషాలకు కడిగిన చిప్పు అలాగే ఉంచండి. రెండోదాన్ని ముట్టుకోవద్దు. మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అంది మేడమ్.

అక్క మొదటి చిప్పు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. మాట్లాడుకోమని ఎదురుగా ఒక మనిషి గడియారం పట్టుకుని కూర్చుంటే మాటలెలా వస్తాయి? "ఎండలు ముదిరాయి" అన్నాను. "అవును" అంది అక్క. నా ఊరుకోలేని నోరే చివరికి పనికొచ్చింది.

"అయినా ఆ రోజు తప్పంతా నాదేనా? మైక్రోస్కోపు దీపం గురించి అరగంట ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"అరగంటా? నాలుగు ముక్కలు చెప్పానేమో! కోటు కుట్టేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టావు? చిన్నప్పుడూ అంతే, ఎడమకాలి చెప్పు కుడికాలికి..."

ఇక ఆగలేదు. మధ్యలో అక్క ఏడ్చింది, నేనూ ఏడ్చాను. బావగారి మౌనం గురించి, నా పొగరు గురించి, అమ్మ పోయేముందు ఎవరి చెయ్యి పట్టుకుంది అన్నదాని గురించి అన్నీ వచ్చాయి. మేడమ్ "చాలు, చాలు, నలభై ఆరు నిమిషాలు!" అని చెయ్యి అడ్డం పెట్టేదాకా మాకు తెలియలేదు.

"పదే అయ్యుంటుంది" అంది అక్క.

తరువాత రెండు చిప్పుల్లోకీ రక్తం పంపించారు. తెర మీద మొదటి చిప్పు చూపించారు. స్తంభాల మధ్య కణాలు అంటుకుని, వాటి వెనక ఇంకొన్ని చేరి, చూస్తుండగానే దారి మూసుకుపోయింది. రెండోది పెట్టారు. చిన్న కణాలు గుంపులుగా మెలికలు తిరుగుతూ పోయాయి. కాసేపటికి ఒక పెద్దది వచ్చింది. మొదటి స్తంభం నెట్టింది, రెండోది నెట్టింది. ఎక్కడా అంటుకోకుండా, ఎవరితోనూ తగవు పెట్టుకోకుండా, జరుగుతూ జరుగుతూ అవతలి ద్వారంలోకి జారిపోయింది. దాని వెనకే ఇంకోటి.

అక్క తొడుగులు విప్పి, చేతులు రెండూ తిప్పి చూసుకుంది. "నా చేతులు బాగానే ఉన్నాయే" అంది నాతో. ఆ గొంతు విని నేను ఆమె భుజం పట్టుకున్నాను. కోటు మీద దారప్పోగు అంటిందని ఆమె ఏమీ అనలేదు.

మర్నాడు డాక్టరు వచ్చాడు. అక్క కొత్త కోటు తొడుక్కుని అయిదు చిప్పులు చేసింది. పూతనీళ్ళు నింపాక నలభై అయిదు నిమిషాలు ఆయన ఎదురుగానే కూర్చుంది. ఆయనతో ఏం మాట్లాడిందో తెలియదు గానీ, వెళ్ళేటప్పుడు ఆయన గ్లాసులో నీళ్ళను గోటితో కొట్టి తాగాడని మేడమ్ చెప్పింది. అయిదు చిప్పులూ పనిచేశాయి. ఆ తర్వాత పది రోజుల్లోనే ఆయన పాత లెక్కలన్నీ వేరేవాళ్ళ చేత సరిచూపించాడు. రెండు కణాల తేడా వచ్చింది. ఆ రెండూ అక్క తక్కువ రాసింది. రాజీనామా కాగితం వెనకవైపు అక్క ఇప్పుడు సామాను జాబితా రాసుకుంటోంది.

ఇరవై మూడో మెట్టు మార్చారు. 'నలభై అయిదు నిమిషాలు ఉంచాలి' అని టైమరు బొమ్మతో సహా అచ్చువేశారు. ఇప్పుడు చిప్పుకు నా అవసరం ఏమీ లేదు. అయినా పదకొండు కాగానే ఫోను మోగుతుంది. నేను ఆ వేళకు కుట్టుపని పక్కన పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను. మాస్టారి కోటు తర్వాత అదే మంచిదనిపించింది.

నిన్న ఫోనులో అక్క ఒక సంగతి చెప్పింది. ఆసుపత్రిలో చిప్పులు చేసే అమ్మాయి ఆమెకు ఫోను చేసి, "నలభై అయిదు నిమిషాలు ఊరికే కూర్చోలేకపోతున్నానండీ, ఏం చేయమంటారు?" అని అడిగిందట.

"నువ్వేం చెప్పావు?"

"నీకు చెల్లెలుందా అమ్మా అని అడిగాను. అక్క ఉందట. నాలుగేళ్ళుగా మాటల్లేవట."

"అయ్యో. మరి?"

"మరేముంది, చిప్పు నింపి నువ్వే ముందు చెయ్యమ్మా అన్నాను" అంది అక్క. "ఎంతసేపూ, పది నిమిషాలు కూడా పట్టదని చెప్పాను."